అయ్యగారు పోయారండీ

కీ చుక్క, శే చుక్క. అయ్యగారి పేరుకు ముందు ఈ రెండక్షరాలూ అచ్చేసి ఉన్నాయి. ఇదేదో కొత్త డిగ్రీ అనుకున్నాను. ఎమ్మేలూ పీహెచ్‌డీలూ పేరు వెనకాల పెడతారు కదా, ముందే పెట్టారంటే వాటికన్నా పెద్దదై ఉంటుందని గొంతెత్తి మరీ చదివాను.

అప్పటికి ఎనభైలు సగం గడిచాయి. మా ఆయన పోయి రెండేళ్ళు. నూజివీడు దగ్గర ఒక మామిడితోటలో పనిచేస్తూ, ఆ తోట ఇంట్లోనే వంట కూడా చేసేదాన్ని. అయ్యగారంటే తోట ఆసామే గాని, ఆయనకు వ్యవసాయం తెలియదు. పట్నాల్లో కాలేజీ పాఠాలు చెప్పి, దేశదేశాల చరిత్రని లావుపాటి పుస్తకాలుగా రాసిన మనిషి. ఏ దేశంలో ఏ రాజు ఎప్పుడు చచ్చాడో అడిగితే టక్కున చెప్పేవారు. రిటైరై తోటకి వచ్చేసరికి కళ్ళకి శుక్లాలు దిగాయి. ముదిరితేగాని కొయ్యం అన్నారు డాక్టర్లు, మామిడికాయ సంగతి చెప్పినట్టే.

ఆ రోజు అమ్మగారు చుట్టాల పెళ్ళికి వెళ్ళారు. వారం నుంచీ అలమరలో పడున్న కవరు తీసి, "అమ్మాయ్, వయోజన విద్య బడికి వెళ్తున్నావుగా, ఇదేంటో చదువు" అన్నారు అయ్యగారు. నాకు గుణింతాలు వచ్చు, ఒత్తుల దగ్గర మాత్రం బండి దిగబడుతుంది. కూడబలుక్కుంటూ చదివాను. పట్నంలో పెద్దవాళ్ళు కొందరు కలిసి విజ్ఞాన సర్వస్వం అచ్చువేస్తున్నారట. లోకంలో తెలుసుకోదగ్గ సంగతులన్నీ ఒకచోట చేర్చే పుస్తకం. అందులో అయ్యగారి జీవితం ఒక పేజీ. తప్పులుంటే ఇంట్లోవాళ్ళు నెలాఖరులోగా తెలపాలి, లేకపోతే ఇలాగే అచ్చవుతుందని ఉత్తరం. నెలాఖరు మర్నాడే.

"కీ శే అంటే ఏం డిగ్రీ అండీ?"

అయ్యగారు కుర్చీలో కదల్లేదు. "కీర్తిశేషులు అమ్మాయ్. చచ్చిపోయినవాడని."

నా నోరు ఊరుకోదు కదా. "అయితే ఆ డిగ్రీ మా ఆయనకీ ఉందన్నమాట" అనేశాను.

ఆయన నవ్వలేదు. "చివర చదువు, చివర. ఎలా చచ్చానో రాశారా?"

"బ... స్సు... ప్ర... మా... దం."

"బస్సు ప్రమాదమా? ఎవరు చెప్పారు వీళ్ళకి?"

చెప్పింది నేనే.

కిందటి వేసవిలో ఒక పెద్దమనిషి చేతిసంచితో వచ్చాడు. అయ్యగారి జీవితం గురించి ఏవో అడగాలన్నాడు. నేను గేటు దగ్గర గడ్డి పరిచి కాయలు సర్దుతున్నాను. అయ్యగారూ అమ్మగారూ కళ్ళ పరీక్షకి బెజవాడ వెళ్ళి ఉన్నారు. నా పుట్టిల్లు చాట్రాయి అవతల. మా వైపు ఎవరు ఎక్కడికి వెళ్ళినా పోయారనే అంటాం. సంతకి పోయాడు, బడికి పోయింది. కిందివైపు, కాలవల కింది ఊళ్ళ మర్యాదస్తులు మాత్రం వెళ్ళారంటారు. వాళ్ళకి పోయారంటే ఇక తిరిగి రారనే.

"అయ్యగారున్నారా అమ్మా?"

"పోయారండీ."

సంచి కింద పెట్టేశాడు. "అయ్యో! ఎప్పుడు?"

"మొన్ననేనండీ."

"మనిషి బాగానే ఉండేవారే! ఎలా?"

"బస్సుకేనండీ."

"మరి అమ్మగారు?"

"ఆవిడా ఆయనతోనే పోయారండీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎండకి చెమట పట్టిందనుకుని మంచినీళ్ళిచ్చాను. ముట్టుకోలేదు. చెప్పులు విడిచి, మూసి ఉన్న తలుపుకి దండం పెట్టి వెళ్ళిపోయాడు. చదువుకున్నవాళ్ళు తలుపులకి కూడా దండం పెడతారు కాబోలు అనుకున్నాను.

ఇదంతా అయ్యగారికి చెప్పేసి నేల మీద కూలబడ్డాను. పని ఊడిందనే అనుకున్నాను. ఆయన భుజాలు మొదట మెల్లగా కదిలాయి. తర్వాత కుర్చీ కదిలింది. కండువాతో కళ్ళొత్తుకుంటూ, "నేను కూడా ఎంతమంది రాజుల్ని ఇలాగే చంపానో! ఏ కోట వాకిట్లో ఏ పనిమనిషి పోయారందో, ఎవడో అది రాసిపెట్టాడు, నేను నమ్మి తారీఖు వేశాను" అని పగలబడి నవ్వారు. నాకూ ఆగలేదు.

అంతలో ఆయనే గంభీరమయ్యారు. "నవ్వు సరే. రేపటికి కబురు అందకపోతే నేను పోయినట్టే. ఇంకా ఒక పుస్తకం రాస్తున్నాను. చచ్చినవాడు రాశాడంటే ఎవరేస్తారు? లే, నూజివీడు వెళ్ళి టెలిగ్రామ్ ఇద్దాం."

బస్సులో ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాను. బస్సు కుదిపినప్పుడల్లా "చూసుకో, ఈ డ్రైవరు పేజీలో రాసింది నిజం చేసేస్తాడు" అంటారు. నేను నవ్వుతుంటే జనం మా ఇద్దరినీ వింతగా చూశారు. పోస్టాఫీసులో గుమస్తా నీళ్ళు కారుతున్న నా కళ్ళు చూసి గొంతు తగ్గించాడు.

"టెలిగ్రామా అమ్మా? పోయింది ఎవరు?"

"ఈయనేనండీ" అని అయ్యగారిని చూపించాను.

అయ్యగారు చేతులు జోడించారు. "నమస్కారమండీ."

గుమస్తా కలం కింద పెట్టాడు. "పెద్దాయనా, ఈవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళాలో మీకేమైనా తెలుసా?"

సంగతంతా విని అతనూ పొట్ట పట్టుకున్నాడు. "భయం లేదులెండి. ఇంగ్లీషులో పోవడానికో మాట, చావడానికో మాట విడివిడిగా ఉన్నాయి" అన్నాడు. అయ్యగారు ఇంగ్లీషులో చెబితే రాసుకున్నాడు. నాకు తెలుగులో చెప్పమన్నాను. బతికే ఉన్నాను, పేజీ దిద్దండి, అని రాశాడట.

"అమ్మగారు కూడా అని వెయ్యండి" అన్నాను.

"వెయ్యవయ్యా, వెయ్యి" అన్నారు అయ్యగారు కంగారుగా. "ఆవిణ్ణి మర్చిపోతే ఈసారి నిజంగానే పోతాను."

మరుసటి మామిడికాపుకి అచ్చయిన పుస్తకం వచ్చింది. అప్పటికి అయ్యగారికి ఆపరేషన్ అయ్యి, దళసరి కళ్ళజోడు కూడా వచ్చింది. అయినా పుస్తకం నా చేతికే ఇచ్చి, చదవమన్నారు. పేరు మీద వేలు పెట్టాను. ముందు చుక్క అక్షరాలేవీ లేవు. బస్సు లేదు. చివరి ముక్క దగ్గర మాత్రం నా బండి మళ్ళీ దిగబడింది.

"ప్రస్తుతం మామిడితోటలో... వి... శ్రాం... తి తీసుకుంటున్నారు. ఏంటండీ ఇది? ఇది కూడా పోవడమేనా?"

ఆయన ముందుకు వంగారు. "దాని ముందు చిర అని ఉందా?"

వేలితో ముందుకీ వెనక్కీ వెతికాను. "లేదండీ."

"అయితే బతికే ఉన్నాను. అన్నం పెట్టు."