అంటించని చీటీల కోసం చింతామణి దాకా

మండికల్ చౌడమ్మ పొలానికి వెళ్ళే దారిని పక్క పొలం ఆయన కంచె వేసి మూసేశాడు. ఆ భూమిని ప్రభుత్వం ఆమె మామగారికి ఇచ్చిన నాటి నియమంలో దారి హక్కు ఉండేదని మా సీనియర్ గారి నమ్మకం. నియమం తర్వాత మారింది. ఇంటర్నెట్లో కొత్తదే దొరుకుతోంది. పాతది అచ్చులో చూపించాలి, వాయిదా మర్నాడే. నేను బాగేపల్లిలో వకీలైన ఆయన దగ్గర జూనియర్‌ని. కోర్టులో మాట్లాడటం కన్నా పుస్తకాలు వెతకడం నాకు తేలిక కాబట్టి సంతోషంగానే బయలుదేరాను.

ఏడున్నర బస్సెక్కితే తొమ్మిదిలోపే జిల్లా కేంద్రం చిక్కబళ్ళాపురం. ఆధార్ చూపిస్తే కర్ణాటక ఆడవాళ్ళకు ప్రభుత్వ బస్సులో టికెట్ ఉచితం. కోర్టు ఎదురుగా ఇడ్లీలు తిని, పదింటికి వకీళ్ళ లైబ్రరీలోకి వెళ్ళాను. లైబ్రేరియన్ నారాయణప్ప అడిగిన పుస్తకం నిమిషంలో తీసిచ్చారు. నియమాలు మారినప్పుడల్లా ప్రభుత్వం పంపే తిద్దుపడి చీటీలను, అంటే సవరణ కాగితాలను, పాత వాక్యాల మీద గీత తప్పకుండా అంటించారు. మా కాన్వెంటు సిస్టర్లు చూస్తే మెచ్చుకునేవారు. నాకు కావలసిన నియమం ఆ చీటీ కిందే ఉంది. మూల కాస్త లేపి చూస్తే అడుగు కాగితమూ దానికే అంటుకుని లేచింది.

పాత నియమం ఇంకెక్కడ దొరుకుతుందని అడిగాను. ఆయన ఇష్టం లేనట్టుగా చెప్పారు.

“మేము ఒక్క చీటీ వదల్లేదమ్మా. చింతామణి వాళ్ళు యాడ అంటిస్తారు? కట్టలు కట్టినట్టే బీరువాలో ఉంటాయి. ఆడికే పో.”

పదకొండు గంటల బస్సు శిడ్లఘట్ట మీదుగా గంటంపావులో చింతామణి చేర్చింది. మార్కెట్ రోజైతే ఇంకో అరగంట కలుపుకోండి. అక్కడి వకీళ్ళ లైబ్రరీ చూసుకునే సరోజమ్మకు విషయం చెప్పాను. ఆమె తీసిచ్చిన పుస్తకంలో వక్కపొడి పొట్లాల కాగితాలు, ఎవరిదో పాత బస్సు టికెట్, ఎండిన మల్బరీ ఆకు ఉన్నాయి. చీటీ ఒక్కటీ లేదు. నియమం, దారి మాటతో సహా, శుభ్రంగా ఉంది.

ఆమె మాత్రం చీటీలు అంటించనందుకు సిగ్గుపడిపోయారు. జెరాక్స్ తీయించి ముద్ర వేస్తూనే బీరువాలోంచి చీటీల కట్ట, గమ్ము సీసా బయటపెట్టారు.

“చిక్కబళ్ళాపురంలో చెప్పొద్దమ్మా. ఈ ఆదివారమే కూర్చోని అన్నీ అంటించేస్తాను.”

అపరిచితులకు సలహా ఇవ్వడం నాకు అలవాటు లేదు. అయినా అనేశాను. “వద్దమ్మా. దారంతో పక్కన కుట్టండి. చౌడమ్మ లాంటి వాళ్ళు ఇంకా వస్తారు.”

ఆమె నా వైపు చూసి, సీసా మూత బిగించారు.

మర్నాడు కోర్టులో ఆ పేజీ నన్నే చదవమన్నారు సీనియర్ గారు. మొదటి వాక్యం నాకే వినిపించలేదు. జడ్జిగారు మళ్ళీ చదవమన్నారు, చదివాను. కేసు తేలేదాకా దారి తెరిచి ఉంచమని ఉత్తర్వు వచ్చింది. బయట చౌడమ్మ నా చెయ్యి పట్టుకుని, “ఇంత మెల్లగా మాట్లాడితే ఎద్దులు కూడా కదలవు తల్లీ” అని నవ్వింది.

చట్టం మారినా, పాత చట్టాన్ని నమ్ముకుని దున్నిన పొలం అక్కడే ఉంటుంది. ఆ పాత మాట ఒక్క బీరువాలోనైనా మిగలాలి. మీరు అలాంటి పుస్తకం కోసం చింతామణి వెళ్తే ఒంటిగంటలోపు చేరండి. భోజనానికి తాళం వేస్తే మూడింటిదాకా తీయరు.