అడిగి వచ్చే సారు

మా ల్యాబ్ సారు పోయారని కాలేజీ స్నేహితురాలు తిరుపతి నుంచి ఫోన్ చేసింది. ఏర్పేడులో బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిందట. ఏడుపు రావలసింది, రాలేదు. "సంతాప సభ మన ల్యాబ్‌లోనే పెడతాండారంట" అని ఆమె అనగానే ఒళ్లు మండింది. ఏ గదిలోంచి ఆయన్ను పంపేశారో ఆ గదిలోనే ఇప్పుడు ఫొటోకు దండ వేస్తారట.

మేము చదివే రోజుల్లో, ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త. ఉచితంగా దొరికేది, దాని లోపలి కోడ్ కూడా ఎవరైనా చదువుకోవచ్చు. మోకాళ్ల నొప్పులతో బల్లబల్లకూ తిరగలేక సారు దాన్ని ల్యాబ్ అంతటా పెట్టారు. మా ప్రోగ్రాం ఎక్కడైనా ఇరుక్కుంటే తన కుర్చీలోంచే సరిచేసేవారు.

కానీ అడగకుండా మా పనిలో వేలు పెట్టేవారు కాదు. ముందు మా తెర మీద నోట్‌ప్యాడ్ తెరుచుకునేది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో "రావచ్చునా?" అని పడేది. "రండి సార్" అని కొట్టి మేము మౌస్ వదిలేదాకా ఆగేవారు. ఇదే గదిలో కూర్చుని ఈ మర్యాదేంటి సార్, ఒక కేక వేస్తే చాలదా అని నవ్వేదాన్ని.

"పక్కింట్లోకైనా అడక్కుండా పోతామామ్మా?" అనేవారు.

ఎవరైనా మా కంప్యూటర్లోకి వస్తే తెర మూల చిన్న గుర్తు రంగు మారేది. ఒకరోజు కాలేజీ యజమాని మా అందరి ముందే వచ్చి అడిగాడు. "ఆడపిల్లోళ్లు ఎవురికి ఏం రాస్తాండారో నా రూములో నుంచి సూడాల. ఆ గుర్తు కనపడకుండా చెయ్యప్పా."

"చెయ్యడం వచ్చు సార్. చెయ్యను" అన్నారు సారు. "దీన్ని రాసినోళ్లు ఏమీ దాచుకోకుండా ఊరందరికీ ఇచ్చేసినారు. మనం దొంగసాటుగా వాడేదా?"

మర్నాటికల్లా ఆయన స్టోర్ రూములో కాగితాల కట్టలకు కాపలా. గుర్తు ఇంకెవరో తీసేశారు. నాకు సారు మీదా కోపమే. కొట్లాడి ఉండాల్సింది సార్, ఊరికే ఒప్పుకున్నారు అంటే, "ఒప్పుకోలేదు గదమ్మా, ఆ పని చెయ్యలేదు గదా" అన్నారు. ఆ స్టోర్ రూములోనే ఉద్యోగం ముగిసింది. నా కోపం మాత్రం ముగియలేదు.

సభలో ఆ యజమాని పెద్దమనిషే ముందు మాట్లాడాడు. సారు తమ ఇంటి మనిషి అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గుండాలి. చెప్పేది చెప్పి తన రూముకు వెళ్లిపోయాడు. ఇప్పటికీ ల్యాబ్ తెరలన్నీ అక్కడి నుంచే చూస్తాడట. మిగతావాళ్లు కాఫీకి లేచారు.

నేను ఫొటో పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెర మూల ఏ గుర్తూ లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి, "మా సారు అడిగి వచ్చేవారు. మీరు?" అని కొట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను.

కాసేపటికి తెర మీది మౌస్ బాణం దానంతటదే కదిలింది. నెమ్మదిగా ఆ అక్షరాల దాకా వచ్చి, ఆగిపోయింది.