మా వదిన చూడని నలభై ఒక్క చోట్లు

మా వదిన మెర్ల్ పెంగిల్లీ ఇరవై రెండేళ్ళుగా మా టిల్పారూ టూరిస్టు కేంద్రంలో కూర్చుని జనానికి దక్షిణ ఆస్ట్రేలియా అంతా చూపిస్తోంది. జీతం లేదు. నీలం చొక్కా ఒకటిచ్చారు, దాని జేబు మీద పేరు రాసిన బిళ్ళ. బయట పసుపుపచ్చ బోర్డు ఒకటి ఉంటుంది. కారవాన్లు ఈడ్చుకుంటూ దేశం తిరిగే రిటైరైన మొగుడూపెళ్ళాలు ఆ బోర్డు కనబడగానే బ్రేకు వేస్తారు. నిజానికి వాళ్ళకి కావాల్సింది మరుగుదొడ్డి. కానీ మరుగుదొడ్డికి దారి మా వదిన బల్ల ముందునుంచే. ఆవిడ కళ్ళబడ్డారా, ఇక అయిపోయారే!

“ఏం నాయనా, ఎక్కణ్ణించి? కంగారూ దీవి చూడలేదూ? అయ్యయ్యో, ఇంత దూరం వచ్చి ఒడ్డున దొర్లే సీల్ జంతువుల్ని చూడకుండా ఇంటికెలా వెళ్తారయ్యా!”

మొదలుపెడితే ముప్పావుగంట. రాష్ట్రంలో చూడదగ్గవని ప్రభుత్వంవాళ్ళ పుస్తకంలో వేసిన చోట్లు నలభై ఒకటి, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఓపల్ రాళ్ళు తవ్వే ఊళ్ళో భూమి కింద ఇళ్ళు ఎంత చల్లగా ఉంటాయో చెప్తూ, అక్కడే ఉన్నట్టు భుజాలు ముడుచుకుంటుంది. గులాబిరంగు సరస్సు, ద్రాక్షతోటల లోయ, కింగ్‌స్టన్‌లో మేడంత ఎత్తు లాబ్‌స్టర్ రొయ్య బొమ్మ, దేన్నీ వదలదు. ఒకాయన అన్నీ తిరిగొచ్చి, “మీరు చెప్పినట్టే ఉన్నాయమ్మా, కాకపోతే మీరు చెప్పినప్పుడే ఇంకాస్త బాగున్నాయి” అని దండం పెట్టినంత పని చేశాడు.

ఇంతకీ ఈ నలభై ఒక్కింటిలో ఆవిడ స్వయంగా చూసినవి ఎన్ని అంటారా? ఒక్కటీ లేదు. అడిలైడ్ మటుకు వెళ్ళింది. రెండుసార్లు పురుడు పోసుకోడానికి, నాలుగుసార్లు శవాల వెనకాల, మొన్న ఆగస్టులో కంటి డాక్టరు దగ్గరికి.

దీనికంతటికీ కారకుడు నా తోడబుట్టినవాడే. మా అన్న లిండ్సేకి రెండువేల ఎకరాల గోధుమ ఉంది, దాంతోపాటు ఒకే ఒక్క మాట ఉంది: ‘కోతలయ్యాక.’ వాణ్ణొక్కణ్ణీ అనేదేముందిలెండి, మా ఊరంతా అంతే. పెళ్ళిళ్ళు కోతలయ్యాక, ఆపరేషన్లు కోతలయ్యాక. మా నాన్న అక్టోబర్లో మంచం పట్టి, జనవరి రెండో వారం దాకా ఊపిరి ఉగ్గబట్టుకుని, ఆఖరి లారీ ధాన్యం దాచే సైలోకి వెళ్ళిందని విన్నాకే కన్నుమూశాడు. ఆయన సంస్కారాన్ని జనం ఇప్పటికీ మెచ్చుకుంటారు.

మా వదిన మనసంతా ఒక్క చోటి మీదే. మౌంట్ గాంబియర్‌లో నీలి సరస్సు. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నీళ్ళు నిలిచాయి. చలికాలమంతా స్టీలు గిన్నెలా బూడిదరంగులో పడుంటుంది, నవంబరు వచ్చేసరికి నాలుగైదు రోజుల్లోనే ఒళ్ళు తెలీని నీలమైపోతుంది. మార్చి దాకా అదే నీలం. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం వదిన గొంతు తగ్గిస్తుంది.

నవంబరంటే మాకు కోతలు. మా అన్న కోతయంత్రం మీద, పక్కనే ట్రాక్టరుకి గింజల బండి కట్టుకుని మా వదిన. యంత్రం ఆగకూడదు, నడుస్తూనే గింజలు బండిలోకి పోయాలి. నలభై ఏళ్ళుగా ఆ ట్రాక్టరు ఆవిడదే. పోనీ జనవరిలో వెళ్దామా అంటే మా దేశంలో అదే నడివేసవి, చేలు అంటుకుంటాయని అగ్నిమాపక బండి డ్యూటీ. ఫిబ్రవరిలో క్రికెట్ ఫైనల్స్. మార్చిలో విత్తే యంత్రానికి రిపేర్లు. ఏప్రిల్లో మా వాడికి తీరిక దొరికేసరికి సరస్సుకే విసుగొచ్చి బూడిదరంగులోకి తిరిగిపోతుంది.

ఆగస్టులో వదిన డాక్టరు దగ్గరినుంచి తిన్నగా నా బేకరీలోకి వచ్చి కూర్చుంది. మాంసం కూరిన పేస్టీ ఒకటి వేడిచేసి పెట్టాను. ముట్టలేదు.

“గ్వెండా, నా కళ్ళు వెనకనుంచి పాడవుతున్నాయిట. వచ్చే ఏడాదికి మనుషులు మసగ్గా కనిపిస్తారు, రంగులు మాత్రం పోతాయన్నాడు.”

“అన్నయ్యకి చెప్పావా?”

“చెప్పను, నువ్వూ చెప్పకు. చెప్తే జాలిపడి తీసుకెళ్తాడు. జాలితో చూపించే సరస్సు నాకొద్దే. అడిగితే తీసుకెళ్ళాలి. నలభై ఏళ్ళ కాపురానికి ఆ మాత్రం లేకపోతే ఎలా?”

ఒట్టు వేయించుకుంది. వేశాను, నా బుద్ధి గడ్డి తిని.

టూరిస్టు కేంద్రాల్లో పనిచేసేవాళ్ళని ఏడాదికోసారి బస్సులో తిప్పుతారు, చూస్తేనే కదా జనానికి చెప్పేది అని. ఎప్పుడూ జూలై చలిలో, హోటళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు తిప్పేవాళ్ళు. ఈసారి ఏ మహానుభావుడికి బుద్ధి పుట్టిందో, నవంబరు పద్దెనిమిది అన్నారు. మూడు రోజులు, రెండో రోజు మౌంట్ గాంబియర్. ఆ కాగితం పట్టుకుని వదిన రాత్రి భోజనాల దగ్గర అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

“ఏమయ్యా లిండ్సే, మూడే మూడు రోజులు వెళ్ళొస్తాను.”

మా అన్న బంగాళాదుంప నములుతూ కిటికీలోంచి ఆకాశం చూశాడు. “వాన పట్టేటట్టుంది మెర్ల్. తడిస్తే గింజ మొలకెత్తుతుంది. బండి ఎవరు తోల్తారు? వచ్చే ఏడు మనిద్దరం కలిసే వెళ్దాం, కోతలయ్యాక. సరస్సెక్కడికి పోతుందీ?”

“అవును, సరస్సెక్కడికీ పోదులే” అంది వదిన, కంచాలు తీస్తూ. నాకు వాడి నెత్తిన గ్రేవీ గిన్నె బోర్లించాలనిపించింది. నోటికి ఒట్టు అడ్డం.

పద్దెనిమిదో తారీకు పొద్దున్న ఏడింటికి కేంద్రం ముందు బస్సాగింది. పదమూడుమంది ముసలాళ్ళు టోపీలు పెట్టుకుని ఎక్కి కూర్చున్నారు. మా వదిన మటుకు పొలంలో ట్రాక్టరు మీద ఉంది. ఓవెన్లో రెండు ట్రేల పేస్టీలున్నాయి. ఆపేసి, తలుపుకి తాళం వేసి, కారు తీసి తిన్నగా పొలానికి పోయాను.

“దిగు వదినా!”

“నీకేమైనా పిచ్చి పట్టిందా? పనిరోజున కొట్టు మూశావా?”

“దిగుతావా, ఈడ్చమంటావా? ఈ పొలంలో పుట్టిందాన్ని, నాకు బండి తోలడం రాదనుకున్నావా? తాళం కారుకే ఉంది, పో!”

ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది. తర్వాత దిగింది చూడండీ, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మెట్టు కూడా తొక్కకుండా దూకింది. బస్సు ఇంకా అక్కడే ఉందిట. పదమూడుమంది ముసలాళ్ళు బయల్దేరే ముందు మరుగుదొడ్డికి వెళ్ళొద్దూ మరి!

నేను గేరు వేసి కోతయంత్రం పక్కకి తెచ్చేసరికి రేడియో గరగరలాడింది. “మెర్ల్, ఇంకాస్త దగ్గరికి తే.”

“మెర్ల్ కాదు, నేను.”

“గ్వెండా? మెర్ల్ ఏదీ?”

“సరస్సు చూడ్డానికి వెళ్ళింది.”

“ఏ సరస్సు?”

దేవుడా! ఇరవై రెండేళ్ళు. ‘సరస్సెక్కడికి పోతుందీ’ అన్నవాడికి అది ఏ సరస్సో తెలీదు! చుట్టుపక్కల పొలాలన్నిటికీ రేడియో ఛానెల్ ఒకటే. నేను నోరు తెరిచేలోపే పక్క పొలం కొలిన్ హాబ్స్ అందుకున్నాడు: “నీలి సరస్సు లిండ్సే. మొన్న కాళ్ళకి కట్టు కట్టించుకుని ఇంట్లో కూర్చుంటే, చూడ్డానికొచ్చి నాకూ చెప్పింది.” వెనకనుంచి ఇంకో గొంతు: “మాకూ చెప్పింది.” ఊళ్ళో ఆ సంగతి తెలియని మనిషి వాడొక్కడే.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి పొలం గట్టున టీ తాగుతుంటే ఫోన్ మోగింది. వదిన. నేను స్పీకరు పెట్టి, మావాడి యూట్ అనే చిన్న ట్రక్కు బోనెట్ మీద పెట్టాను. అన్నయ్య పక్కనే ఉన్నాడు.

“చూశావా?”

“చూశానే.” నలభై ఒక్క చోట్ల గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి, ముక్కు ఎగబీల్చడం తప్ప ఇంకేం చెప్పలేకపోయింది.

మా అన్న ఫోను మీదికి వంగాడు. “మెర్ల్, వచ్చే ఏడు నన్ను తీసుకెళ్ళు. నిజం, ఈసారి కోతలు ఆపేసి వస్తాను.”

“వద్దాంలే లిండ్సే” అంది వదిన. “కాకపోతే నువ్వే చూసి చెప్పాలి. అప్పటికి నాకు రంగులు కనపడవు.”

మా అన్న నాకేసి చూశాడు. నేను తల ఊపాను. చేతిలో టీ కప్పు నేలమీద పెట్టాడు. అరవై ఎకరాల పైరు ఇంకా నిలబడే ఉంది, పడమర మబ్బు నల్లగా ఉంది. వాడు యూట్ ఎక్కాడు.

“ఎక్కడికిరా?”

“ఏడుగంటల ప్రయాణం. గోధుమ తడిస్తే తడవనీ.”

రేడియోలో ఆ సాయంత్రం ఒకటే గోల. లిండ్సే పెంగిల్లీ యంత్రం మధ్యలో ఆపేశాట్ట, గుండెపోటేమో అని. గుండెపోటైతే మావాళ్ళకి అర్థమవుతుంది, అరడజను యంత్రాలు వేసుకొచ్చి కోసిపెడతారు. పెళ్ళాం దగ్గరికి వెళ్ళాడంటేనే నమ్మలేకపోయారు. ఆ రాత్రి వాన పడింది, ఆ అరవై ఎకరాలూ పశువుల దాణాకి పోయాయి.

వదిన తిరిగొచ్చాక అడిగాను, పొద్దున్నే ఇద్దరూ సరస్సు గట్టున నిలబడి ఏం మాట్లాడుకున్నారని.

“మాట్లాడడమా! నా ఖర్మ, అంత దూరం వచ్చి, దుమ్ముకొట్టుకున్న మొహంతో నాకేసి చూస్తూ నిలబడ్డాడే! కళ్ళార్పడు, కళ్ళనిండా నీళ్ళు. అంత నీలం పక్కన పెట్టుకుని నా మొహంలో ఏముందే చూడ్డానికి? గడ్డం పట్టుకుని అటు తిప్పాను. ‘ఇటు కాదయ్యా, అటు చూడు. బాగా చూడు. రేపు నాకు చెప్పాల్సింది నువ్వే’ అన్నాను.”