కాఫీ అడిగినందుకు తీసేసిన పాట

ఆ రోజుల్లో, అంటే తొంభైల మధ్యలో, ఎవరికీ అర్థం కాకుండా వాయిస్తేనే అది గొప్ప సంగీతమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. అమలాపురంలో మాకో చిన్న బృందం ఉండేది. నాది కీబోర్డు, ఒకడిది తాషా, ఇంకొకడు గోదావరి దాటించే పంటు ఇంజను చప్పుడు టేపులో పట్టుకొచ్చి దాని లయకి మమ్మల్ని వాయించమనేవాడు. మేము ప్రయోగం అనేవాళ్లం, వీధిలోవాళ్లు గోల అనేవారు (ఇప్పుడు వింటే వీధిదే న్యాయం అనిపిస్తోంది). మాలో నిజంగా సంగీతం వచ్చినవారు ఒక్కరే, పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించే పెద్దాయన. అందరం బాబాయిగారనే పిలిచేవాళ్లం.

మా మొదటి క్యాసెట్ రికార్డింగు మా మేడగదిలో, మిట్టమధ్యాహ్నం. అటువైపు రావద్దని ఇంట్లో అందరినీ బతిమాలుకున్నాను. బాబాయిగారు ఆ రోజు వాయించినట్టు మళ్లీ ఎప్పుడూ వాయించలేదు. సరిగ్గా పాట పైస్థాయికి వెళ్లేసరికి మా అత్తయ్య తలుపు తోసుకొచ్చి, "అన్నయ్యగారూ, కాఫీ తాగుతారాండీ?" అంది. మా వైపు మనిషి పాట ఆపగలడు గానీ పలకరింపుకి బదులివ్వకుండా ఉండలేడు. ఆయన నోట్లోంచి క్లారినెట్ తీసి, "ఆయ్, ఇప్పుడే తాగేనండి. మీరు తాగేరాండీ?" అని అడిగి, ఆవిడ జవాబు విని, తలూపి, వదిలినచోటే మళ్లీ అందుకున్నారు. శ్రుతి రవ్వంతయినా తప్పలేదు.

నేను మాత్రం మండిపడ్డాను. "పాటంతా పాడుచేసేరు కదండీ!" అంటే, "పలకరించేరు కదా బాబూ, ఎలాగ మరి?" అన్నారు నొచ్చుకుని. ఆ పాట లేకుండానే క్యాసెట్ వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాది వెయ్యలేదా బాబూ?" అన్నారు.

రెండువేల సంవత్సరం దాటాక మా గోలని ఇష్టపడే వింత మనుషులు కొందరు పుట్టుకొచ్చి, సీడీగా తెమ్మన్నారు. ఆ మిగిలిపోయిన పాటని అందులో అదనంగా చేర్చాను. చేర్చేముందు కంప్యూటర్ దగ్గర కూర్చుని కాఫీ మాటలన్నీ కోసేసి, అతుకు తెలియకుండా కలిపేశాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, ఇక దేనికిలే అని అసలు టేపు మీద కొత్త రిహార్సల్ ఎక్కించేశాను (బుద్ధి లేకపోతే సరి).

బాబాయిగారు పోయిన ఏడాదికి, ఆ సీడీ మళ్లీ వేస్తున్నామని తెలిసి ఆయన కూతురు రాజోలు నుంచి వచ్చింది. "నాన్నగారి వాయిద్యం పెళ్లి వీడియోల్లో బోలెడుందండీ. మాట మాత్రం ఎక్కడా లేదండి. కాఫీ గురించి ఏదో అన్నారటగా, ఈసారి అది ఉంచుతారాండీ?" అంది. సిగ్గుతో చచ్చిపోతూ ఉన్న సంగతి చెప్పాను. తిట్టినా బాగుండేది. "పర్లేదండీ, పాట బావుండాలి కదండీ" అని నన్నే ఓదార్చింది.

రెండోసారి వేసిన సీడీ ఆమెకి పంపాను. వారానికి ఫోన్ చేసి, "నాన్నగారు మాట్లాడింది ఎక్కడండీ? కోసిన చోటు ఆనవాలు చెబుతారా?" అని అడిగింది. హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో. నాకే దొరకలేదు. అంత బాగా కోశాడు, అప్పటి నాలోని ఆ తెలివైన కుర్రాడు.