బ్యాంకాక్ పడవలో కాయం డబ్బా

అమెరికాలో, షికాగో పక్కన, మా అమ్మాయి ఉండే నేపర్‌విల్‌లో తెలుగువాళ్ళకొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో వారానికొకసారైనా ఒకే ప్రశ్న కనిపిస్తుంది: "ఇండియా నుంచి ఎవరైనా వస్తున్నారా?" అడిగేది మనుషుల గురించి కాదు, వాళ్ళ పెట్టెల్లో చోటు గురించి. మా ఆయనా నేనూ ఉద్యోగాలు ముగించి అమ్మాయి దగ్గర ఉంటున్నవాళ్ళం. ఏటా నవంబరులో నా పెన్షన్ పని మీద హైదరాబాదు వెళ్ళి, ఆ నెలాఖరుకు తిరిగి వచ్చేస్తాం. రాకపోకల తేదీలు అందరికీ కంఠతా వచ్చు. అందుకని తిరుగు ప్రయాణంలో మా పెట్టెలు మావి కావు. ఒకరి ఆవకాయ, ఒకరి పట్టుచీర, ఒకరి థైరాయిడ్ మాత్రలు, ఎవరి కూతురివో కూచిపూడి గజ్జెలు. మా బట్టలు ఆ సందుల్లో దూరేవి.

దారిలో విమానం మారే ఊరు బ్యాంకాక్. టిక్కెట్లు విడివిడిగా కొంటే చవక కాబట్టి నేను అలాగే కొంటాను. దాంతో సామాను అక్కడ దింపుకొని మళ్ళీ ఎక్కించాలి. ఉదయం దిగితే రాత్రి వరకు విమానం లేదు. సామాను దాచిపెట్టే చోటు ఉంది గానీ, ఊరందరి వస్తువులూ పరాయివాళ్ళ చేతుల్లో పెట్టి పోవడానికి మా మనసొప్పేది కాదు. ఆయన కాపలా ఉంటే నేను మొహం కడుక్కుని వచ్చేదాన్ని, నేను ఉంటే ఆయన కాఫీకి వెళ్ళేవారు. అలా నాలుగు నవంబరులు గడిచాయి. ఆ ఊళ్ళో ఒక పెద్ద నది ఉందని, దాని మీద సిటీ బస్సుల్లా పడవలు తిరుగుతాయని విమానం సీటు ముందున్న పుస్తకంలో చదివాను. ఆ పడవ ఎక్కాలని, ఇద్దరం కలిసి ఎక్కాలని, నాకు గట్టిగా ఉండేది.

కిందటేడు నిర్ణయం చేశాను. పెట్టెలు లేవు. మనిషికొక బ్యాక్‌ప్యాక్, విమానంలోకి చేత్తో తీసుకెళ్ళనిచ్చే ఏడు కిలోలు, అంతే.

"డెబ్బై ఏళ్ళొచ్చాక బ్యాక్‌ప్యాకింగ్ ఏంటమ్మా? నాన్న మోకాళ్ళు చూశావా?" అంది అమ్మాయి.

"సంచి మోసేది మోకాళ్ళు కాదు, భుజాలు."

"నాన్నా, నువ్వు ఓకేనా?"

"మీ అమ్మ టైమ్‌టేబుల్ వేసేసిందమ్మా. మనం పీరియడ్‌కి హాజరవ్వడమే," అన్నారాయన. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి ఇంట్లో నాకీ దెప్పులు మామూలే.

బయలుదేరడానికి మూడు వారాల ముందే గ్రూపులో రాసేశాను: ఈసారి ఎవరి వస్తువులూ తేలేము, క్షమించండి. కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకావిడ ఏమీ పెట్టలేదు. కనిపిస్తే ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది. హైదరాబాదులో బయలుదేరే రోజు సాయంత్రం రెండు సంచులూ స్ప్రింగు త్రాసుకు తగిలించి తూచాను. నాది ఆరున్నర, ఆయనది ఆరు. ఇద్దరికీ కలిపి కిలోన్నర మిగిలినందుకు నాకు సంతోషమైంది.

బ్యాంకాక్‌లో నది ఒడ్డున చిన్న గెస్ట్‌హౌస్ తీసుకున్నాను. స్నానం చేసి, సంచులు అక్కడ పడేసి, చేతులూపుకుంటూ పడవల రేవుకు నడిచి వెళ్ళడం నా ఏర్పాటు. కౌంటర్ వెనక ఒక అమ్మాయి నవ్వుతూ నమస్కారం పెట్టింది. మా పాస్‌పోర్టులు అందుకోబోతూ ఆగింది. ముక్కు ఎగబీల్చింది. గోడ మీదున్న బొమ్మ చూపించింది. ముళ్ళ పండు మీద ఎర్రగీత కొట్టి ఉంది.

"సారీ మేడమ్. దురియన్ నాట్ అలవ్డ్."

దురియన్ అంటే అక్కడివాళ్ళు ప్రాణం పెట్టే పండు. చూడ్డానికి మన పనసకాయలా ఉంటుంది, వాసన మాత్రం వారం రోజులు గది వదలదట. అందుకే హోటళ్ళలో రానివ్వరు. మా దగ్గర ఏ పండూ లేదన్నాను. ఆ పిల్ల మర్యాదగానే ఆయన సంచి వైపు వేలు చూపించింది. అప్పుడు ఆయన మొహం చూశాను. ఆయన గోడ మీది బొమ్మను మహా శ్రద్ధగా చూస్తున్నారు.

సంచి విప్పాను. పైనే, చొక్కాల మీద, పాత తువ్వాల్లో చుట్టిన స్టీలు డబ్బా. తువ్వాలు విప్పేసరికి ఇంగువ, వెల్లుల్లి, శొంఠి కలిసి నా మొహాన కొట్టాయి.

"ఏమిటిది?"

"కాయం. కింద చిన్న సీసాలో వెల్లుల్లి కారం."

కాయమంటే బాలింతకు పెట్టే మందు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి ముద్ద కడతారు. ఇది చేసినావిడ ఇంగువ కూడా ధారాళంగా వేసింది.

"ఎవరిది?"

ఆయన చెప్పారు. నేపర్‌విల్‌లో మా వెనక వీధిలో ఉండే అమ్మాయి కిందటి మంగళవారం ప్రసవించింది. సిజేరియన్. తల్లికి వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకలేదు. ఆవిడ మేం వెళ్తున్నామని తెలిసి, నేను ముందు కిందికి దిగి టాక్సీ అతనితో మాట్లాడుతుండగా మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర ఈయన చేతిలో పెట్టిందట.

"అన్నయ్యగారూ, బిడ్డనెత్తుకోనీకి పోలేకపోతున్న, ఇదొక్కటన్న ముట్టజెప్పండి అని ఏడ్చిందే! ఎట్లా కాదనను?"

"నేను అందరికీ వద్దని రాశానా లేదా?"

"నువ్వు గ్రూపులో రాశావు. నేను గ్రూపులో లేను."

"తూచినప్పుడు లేదే ఇది!"

"తూచాక వచ్చింది," అన్నారు నెమ్మదిగా.

కౌంటర్ అమ్మాయికి మా భాష రాకపోయినా దెబ్బలాట అర్థమైంది. తనే దారి చెప్పింది. గదులన్నిటికీ ఏసీ గొట్టం ఒకటేనట, సంచి లోపలికి వస్తే మిగతావాళ్ళు గొడవ చేస్తారట. సందు చివర చెత్తకుండీ ఉంది, డబ్బా అందులో పడెయ్యాలి, లేకపోతే సంచితో పాటు బయటే ఉండాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళు ఎదురుచూసిన ఒక్క పగలు. మళ్ళీ ఎవరి డబ్బాకో కాపలా. పారేస్తే పీడ పోతుందన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఆయన డబ్బాను మళ్ళీ తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బయట మెట్ల మీద కూర్చున్నారు.

"నేనిక్కడ ఉంటాలే. నువ్వు పడవెక్కి తనివితీరా తిరిగి రా. ఏం చూశావో చెబుదువు గాని."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజంగానే పంపిస్తున్నారు. మెట్ల పక్కన చెప్పులు విడిచి, మోకాలు చాచుకుని, సాయంత్రం దాకా కూర్చోవడానికి వీలుగా సర్దుకున్నారు కూడా. నదిని ఒక్కదాన్నే చూసి వచ్చి ఈయనకు అప్పజెప్పడం నేను కోరుకున్నది కాదు. ఆ తల్లి అర్ధరాత్రి దాకా నిలబడి దంచి ఉంటుందన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది, నాకక్కర్లేకపోయినా.

"లేవండి," అన్నాను.

ఆయన బట్టలన్నీ నా సంచిలోకి మార్చి దాన్ని కౌంటర్ దగ్గర పెట్టించాను. ఆ పిల్ల వాసన చూసి, ఫరవాలేదంది. ఆయన సంచిలో డబ్బా, సీసా, నీళ్ళు మాత్రం మిగిలాయి. స్నానం మానేసి రేవుకు నడిచాం.

పడవ పొడుగ్గా ఉంది, మన సిటీ బస్సంత కిక్కిరిసి ఉంది. టిక్కెట్లిచ్చే ఆవిడ చేతిలో రేకు గొట్టం పట్టుకుని టకటకమని ఆడిస్తూ జనం మధ్యనుంచి దూరిపోతోంది. ఒకమూల కాషాయం కట్టిన భిక్షువులు నిలబడ్డారు, వాళ్ళ చుట్టూ కాస్త ఖాళీ. మా చుట్టూ కూడా త్వరలోనే కాస్త ఖాళీ ఏర్పడింది.

"చూశావా, మనకూ సన్యాసుల మర్యాద," అన్నారాయన.

నేను నవ్వకూడదనే అనుకున్నాను.

నది గోధుమరంగులో, నిండుగా ఉంది. గుర్రపుడెక్క గుబుర్లు గుబుర్లుగా కొట్టుకుపోతోంది, మన కృష్ణ కాలవల్లోలాగే. ఒడ్డున అద్దాల మేడలు, వాటి పక్కనే రేకుల ఇళ్ళు, వరండాలో బట్టలుతుకుతున్న మనుషులు, దూరంగా గుడి గోపురం. గాలికి నీటి తుంపర మొహాన పడుతోంది. ఆయన సంచిని పొట్ట మీద కట్టుకుని, రెండు చేతులూ దానికి చుట్టి, నాకంటే ఎక్కువగా అటూ ఇటూ చూస్తున్నారు.

కూరగాయల బుట్టతో ఒక పెద్దావిడ వచ్చి, మా పక్క ఖాళీ చూసి సంతోషంగా కూర్చుంది. కూర్చున్నాక ముక్కు ఆడించింది. సంచి వైపు చూసి, ఏదో అడిగింది. ఆయన దురియన్ కాదన్నట్టు చెయ్యి ఊపారు. తర్వాత రెండు చేతులూ కలిపి పాపను ఊపినట్టు ఊపారు. పొట్ట మీద అడ్డంగా గీత గీశారు. నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు చేశారు.

"ఆగండి, మీరు కన్నారనుకుంటుంది," అన్నాను.

కానీ ఆవిడకు అర్థమైంది. తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కింద మంట ఉన్నట్టు వేళ్ళు ఆడించి, విసనకర్రతో విసురుకున్నట్టు చేసి, మూడు వేళ్ళు చూపించింది. ముగ్గురు పిల్లలు. వాళ్ళకూ బాలింతను సెగ దగ్గర పడుకోబెట్టే ఆచారం ఉందని తర్వాత మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. ఆవిడ తన బుట్టలోంచి పసుపు కొమ్ములాంటి ముక్క ఒకటి తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. కర్పూరం కలిసిన అల్లం వాసన. బాగుందని తలూపాను. డబ్బా మూత కొంచెం తీసి చూపిస్తే ఆవిడ దీర్ఘంగా వాసన పీల్చి, కళ్ళు తుడుచుకుని, పకపకా నవ్వింది.

ఆవిడ దిగిన రేవులోనే మేమూ దిగాం. అది పూలబజారు. బంతి, చామంతి, గులాబీ, కుప్పలు కుప్పలుగా. ఆయన మల్లెదండ ఒకటి కొని నా జడలో తురమబోయారు. అక్కడ అవి దేవుడికి పెట్టేవట. పూలమ్మే పిల్ల నోరు తెరిచి చూసి, పక్క కొట్టువాళ్ళను పిలిచింది. నలుగురు చేరి ఫోటోలు తీశారు. ఈ వయసులో ఆ మనిషి వేళ్ళు నా జుట్టులో తడబడుతుంటే నేను కదలకుండా నిలబడ్డాను. దండ సరిగ్గా నిలవలేదు. సాయంత్రం దాకా ఆ పడవలోనే ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాం, కాళ్ళు నొప్పెట్టినప్పుడల్లా ఎక్కుతూ.

షికాగోలో దిగగానే ఆహార పదార్థాలున్నాయా అని అధికారి అడిగాడు. ఉన్నాయన్నాను. ఆయన నా మోచెయ్యి గిల్లారు. అధికారి డబ్బా మూత తీసి, అంతకంటే త్వరగా పెట్టేసి, వెళ్ళమన్నాడు.

ఆ మర్నాడే వెనక వీధికి నడిచి వెళ్ళాం. సన్నగా మంచు పడుతోంది. ఆ అమ్మాయి శాలువా కప్పుకుని సోఫాలో ఒరిగి కూర్చుని ఉంది, పాప పక్కన నిద్రపోతోంది. డబ్బా చేతిలోకి తీసుకుని మూత తీసింది. డబ్బాలోకి చాలాసేపు మొహం వంచింది. తర్వాత గోలీకాయంత ముద్ద తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"మస్తు ఘాటుంది ఆంటీ. అమ్మ ఎప్పుడూ ఇంతే, ఓవర్ చేస్తది," అంది, మొహం తుడుచుకుంటూ. "జర్నీ మంచిగ అయిందా? దీంతోని ఇబ్బంది కాలే కదా?"

కాలేదని నేను చెప్పబోయాను. ఆయన అప్పటికే లేచి నిలబడి, కౌంటర్ అమ్మాయి ముక్కు ఎగబీల్చింది మొదలుకొని, భిక్షువుల పక్కన దొరికిన మర్యాద వరకు, అభినయం చేసి చూపిస్తున్నారు. పొట్ట మీద గీత గీసిన దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి దిండు పొట్టకు అదుముకుని, నొప్పికి మూలుగుతూ, నవ్వుతూ, చెయ్యి ఊపింది.

"అంకుల్, ప్లీజ్, నవ్వించకండి! కుట్లు గుంజుతున్నయి!"

ఆయన ఆపలేదు. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.