ఆరో నంబరు గ్లౌజులు

ఆ ఆపరేషన్ థియేటర్లో కత్తి ఎవరు పట్టాలో పెద్ద డాక్టరుగారు నోరు తెరిచి చెప్పేవారు కాదు. పెద్ద సిస్టరు ముందుగా ఎవరి సైజు గ్లౌజులు విప్పితే వాళ్ళు రోగికి కుడివైపు నిలబడతారు. కుడివైపు నిలబడ్డవాళ్ళే కోస్తారు. ఎక్కడా రాసిపెట్టి లేకపోయినా అందరూ పాటించే చట్టమది.

పెద్ద సిస్టరు పనిలో దిగిందంటే చేతులే కళ్ళు. పక్కకి చూడకుండా కత్తెర అందించేది, అడక్కముందే దారం ఎక్కించిన సూది సిద్ధంగా ఉంచేది. ఇంట్లో వడ్డనా అంతే. ముందు భర్తకి, తర్వాత కొడుక్కి, ఆపైన కూతురికి, గిన్నెలో మిగిలితే తనకి.

"నీ గరిటెకి మీసాలున్న మొహాలే కనిపిస్తాయే అమ్మా!" అనేది కూతురు.

"నోర్ముయ్యవే, నీకేం తక్కువ చేశాను?" అని నవ్వేసేది సిస్టరు. నిజంగానే తక్కువ చెయ్యలేదు. చివర పెట్టింది, అంతే.

ఆ ఏడాది థియేటరుకి ఇద్దరు కుర్ర డాక్టర్లు శిక్షణకి వచ్చారు. ఒకడు తాటిచెట్టంత పొడుగు. రెండో ఆమె పీట ఎక్కితేగాని బల్ల మీది రోగి అందడు. ఆమెని అందరూ బుల్లి డాక్టరమ్మ అనేవారు. వార్డులో ఆమె కడుపు నొక్కి చూస్తూంటే రోగులు "సిస్టరమ్మా, డాక్టరుగారు ఎప్పుడొస్తారు?" అనడిగేవారు. "వస్తారు, ఈలోగా నన్ను చూడనివ్వండి" అనేదామె, మొహం చిట్లించకుండా.

పెద్ద డాక్టరుగారు కసురుకునే మనిషి కాదు. "ఆడపిల్లవి, ఎంతసేపని నిలబడతావమ్మా, వెళ్ళి కాసేపు కూర్చో" అని లాలనగా అనేవారు. అని, సూది పొడుగు డాక్టరు చేతికిచ్చేవారు. ఆమెకి మిగిలేది రిట్రాక్టరు. అంటే కోత అంచుని లాగిపట్టే ఇనప కొక్కెం. గంటల తరబడి దాన్ని పట్టుకుని భుజం తిమ్మిరెక్కినా, బుల్లి డాక్టరమ్మ కూర్చునేది కాదు.

సర్జరీ విభాగంలో ఆమె గడువు ముగిసేరోజు దగ్గరపడింది. "సార్, ఒక్క హెర్నియా నా చేత చేయించండి. సర్జరీ నాకు వస్తుందో రాదో తెలిస్తే, ముందుకి ఏది చదవాలో తేల్చుకుంటాను" అని అడిగింది.

"ఓస్, అంతేనా! రేపు నువ్వే చెయ్యి. విన్నారుగా సిస్టర్?"

"విన్నాను సార్" అంది పెద్ద సిస్టరు. మనస్ఫూర్తిగానే అంది. పిల్ల కళ్ళు మెరవడం చూసి తనకీ ముచ్చటేసింది.

తెల్లారింది. రోగికి మత్తు ఇచ్చారు. పొడుగు డాక్టరు, బుల్లి డాక్టరమ్మ పక్కపక్కనే చేతులు కడుక్కుని, నీళ్ళు కారుతున్న మోచేతులతో లోపలికొచ్చారు. సిస్టరు చెయ్యి రోజూ వెళ్ళేచోటికే వెళ్ళింది. పొడుగు డాక్టరుకి పట్టే ఏడున్నర సైజు ప్యాకెట్టు చింపి పరిచింది. చింపిన చప్పుడు తన చెవినే పడ్డాక గాని ఏం చేసిందో తెలియలేదు. బుల్లి డాక్టరమ్మకి సరిపోయే ఆరో నంబరు ట్రేలో లేనేలేదు. ఎక్కడో వెనక బీరువాలో, అట్టపెట్టె అడుగున ఉంది. వాడకం లేని సరుకుకి అదే చోటు.

పొడుగు డాక్టరు ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత తొడుక్కున్నాడు. ఆరో నంబరు వెతికి తెచ్చేసరికి అతను కుడివైపు నిలబడి ఉన్నాడు. పెద్ద డాక్టరుగారు అప్పుడే వచ్చి, "ఓహో, ఇవాళ నువ్వా? కానీ" అన్నారు.

ఒక్క మాట చాలు. 'కాదు సార్, ఆ అమ్మాయి' అంటే చాలు. సిస్టరు ఆ మాట అనకుండా ట్రేలో కత్తెరలు సర్దింది. మాస్కు పైన బుల్లి డాక్టరమ్మ కళ్ళు తనవైపే ఉన్నాయి. కాసేపు చూసి, ఆ కళ్ళు వాలిపోయాయి. ఆమె ఎడమవైపుకి వెళ్ళి కొక్కెం పట్టుకుంది.

ఆపరేషన్ అయ్యాక పొడుగు డాక్టరు వెనకే వచ్చి, "సిస్టర్, ఇవాళ తన వంతు కదూ?" అన్నాడు.

"ఆ ముక్క తొడుక్కోకముందు అనాల్సింది నాయనా" అంది సిస్టరు. 'మరి మీరో?' అని అతను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ పూట ఇంట్లో మొదటి కంచం కూతురి ముందు పెట్టింది.

"ఏమైందే అమ్మా, జ్వరమా?" అంది కూతురు.

"మరి నాదేదీ?" అన్నాడు కొడుకు.

సిస్టరు తను తినకుండానే గిన్నెలు తోమడానికి కూర్చుంది. ఎవరైనా చెప్పి చేయించి ఉంటే వాళ్ళని తిట్టుకునేది. ఎవరూ చెప్పలేదు. చేతులు తనవే.

బుల్లి డాక్టరమ్మ సర్జరీ తీసుకోలేదు. మత్తు డాక్టరైంది. కొన్నేళ్ళకి ఆ థియేటరుకే వచ్చి, రోగి తల దగ్గర పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. సిస్టరు ఒకసారి ధైర్యం చేసింది.

"అమ్మా, ఆ రోజు గ్లౌజులు..."

"ఏ రోజు సిస్టర్?" అందామె సిరంజిలోకి మందు లాగుతూ. ఆ గొంతులో కోపమన్నా ఉంటే పట్టుకుని ఏడ్చేది. ఏమీ లేదు.

ఈమధ్య శిక్షణకి ఇంకో పిల్ల వచ్చింది, ఆమె కూడా పొట్టిదే. ఇప్పుడు ఆరో నంబరు పెట్టె ట్రే పక్కనే ఉంటుంది. నిన్న సిస్టరు ముందుగా ఆ ప్యాకెట్టే చింపింది.

"ఏం సిస్టర్, కళ్ళజోడు మార్చారా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"కళ్ళజోడు పాతదే సార్. ఇవాళ ఈ అమ్మాయి చేస్తుంది."

ఆయన భుజాలెగరేసి ఎడమవైపుకి జరిగారు. పిల్ల కుడివైపు నిలబడి మునివేళ్ళ మీద లేచింది, అయినా అందలేదు. మత్తు డాక్టరమ్మ లేచి, తను కూర్చున్న పీటని కాలితో ఆ పిల్లవైపు తోసింది.

"మరి నువ్వో? ఎంతసేపని నిలబడతావమ్మా?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"నిలబడడం నాకు ఇక్కడే అలవాటైంది సార్" అందామె.

ఆయన నవ్వారు. సిస్టరు తలెత్తలేకపోయింది. కత్తిని పిడివైపు ముందుకి పెట్టి కొత్త పిల్ల చేతికి అందించింది. అందించాక కూడా ఆ చెయ్యి కాసేపు అలా చాపే ఉంది, ఇంకెవరికో ఇవ్వవలసింది మిగిలిపోయినట్టు.