తగ్గించు అన్న మాట

మా నాన్నది తెనాలిలో బట్టల కొట్టు. బాబాయిలిద్దరివీ అదే వీధిలో చెరో కొట్టు. మా ఇంట్లో పిల్లలకు ‘అమ్మ’ తర్వాత వచ్చే మాట ‘తగ్గించు’ అని చుట్టాలు వేళాకోళం చేసేవారు. చీటీ మీద ఏ అంకె రాసి ఉన్నా అది ఎదుటివాడి ఆశే తప్ప అసలు ధర కాదని నమ్ముతూ పెరిగాను. ఆక్లాండ్ వచ్చి ఇన్నేళ్లయినా ఆ జబ్బు వదల్లేదు. సూపర్‌మార్కెట్‌లో కాలీఫ్లవర్ మీద మచ్చ కనిపిస్తే ఇప్పటికీ కౌంటర్ దగ్గర అమ్మాయికి చూపిస్తాను. ఆ పిల్ల జాలిగా నవ్వుతుంది.

మేం టకానినిలో ఇల్లు కొన్న ఏడాది మా ఆవిడకు హాబ్సన్‌విల్ వైపు రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. గుంటూరులో తను చేసిన పనే. ఇక్కడికి వచ్చాక మళ్లీ ఆ తెల్లకోటు వేసుకోవాలని తను ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు. ఉదయం ఆరుకు షిఫ్టు. ఆ వేళకు అందుకునే రైలూ బస్సూ లేవు. కారులో మోటర్‌వే మీద ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లాల్సిందే. తనకు అప్పుడే రెస్ట్రిక్టెడ్ లైసెన్సు, అంటే పూర్తి లైసెన్సుకు ముందు మెట్టు, చేతికొచ్చింది. ఉదయం అయిదు దాటితే ఒంటరిగా నడపొచ్చు. కాబట్టి నేర్చుకోవాల్సింది మోటర్‌వే ఒక్కటే మిగిలింది.

డ్రైవింగ్ నేర్పిన ఆంటీ హైదరాబాదావిడ. క్లాసుల సంఖ్య దగ్గర ఆవిడతో బేరమాడాను. చివరి రెండూ మోటర్‌వే క్లాసులని తెలిసి, అవే తీసేయమన్నాను.

“ఏదన్నా తీసేయ్ గానీ నానా, అవి తీయకు,” అంది ఆంటీ. “భార్యకు మొగుడు నేర్పిస్తే ఇద్దరికీ రాదు.”

“వద్దులే ఆంటీ, రోజూ నేను వెళ్లే దారేగా.”

“నీ ఇష్టం. పక్కన కూసున్నప్పుడు నోరు మాత్రం తెరవకు.”

తగ్గించగలిగానని ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాను.

ఆదివారం పొద్దున బయల్దేరాం. మోటర్‌వేలోకి కలిపే ర్యాంప్ ఎక్కేముందు తను పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: “ర్యాంప్ ఉన్నది స్పీడు అందుకోవడానికి. చివరికొచ్చేసరికి లోపలి బండ్లతో సమానంగా ఉండాలి. ఇండికేటర్, అద్దం, భుజం మీదుగా ఒక చూపు. జిప్ పళ్లలాగా ఒకరి తర్వాత ఒకరు. కదండీ?”

“అంతే అంతే. కానీ వంద అని రాసినంత మాత్రాన వంద వెళ్లాలని లేదు. ఎనభై చాలు.”

“ఎనభైతో కలిస్తే వెనకవాళ్లు ఏమైపోవాలండీ?”

తను యాక్సిలరేటర్ తొక్కింది. డెబ్బై, ఎనభై, తొంభై. బండి చక్కగా వెళుతోంది. మా కుడి పక్కనే, మోటర్‌వే ఎడమ లేన్‌లో, ట్రైలర్ లాగుతున్న పెద్ద లారీ ఒకటి కనిపించింది. నేను అరిచాను.

“తగ్గించు! తగ్గించు!”

పెళ్లయిన నాటి నుంచి తను నా మాట వినలేదని నేను ఊరంతా చెప్పుకుంటాను. ఆ ఒక్కసారి మాత్రం వెంటనే వింది. బ్రేకు మీద కాలు పడింది. వెనక కారు గట్టిగా హారన్ కొట్టి, మమ్మల్ని తప్పించుకుని వెళ్లిపోయింది. మేం ర్యాంప్ చివర, రోడ్డు అంచున వదిలిన జాగాలో, ఆగిపోయాం.

అప్పుడు చూశాను. ఆ లారీ ఎప్పుడో పక్క లేన్‌లోకి జరిగి ఉంది. దాని డ్రైవరు మా కోసమే చోటు వదిలాడు. అడగకుండా ఎవడైనా ఏదైనా ఇస్తాడన్నది మా వీధిలో ఎవరూ నాకు నేర్పలేదు.

రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, తర్వాతి ఎగ్జిట్‌లో తనే కారును మోటర్‌వే దింపింది. పెట్రోలు బంకు దగ్గర కారు ఆపి తాళం నా ఒళ్లో పెట్టింది. ల్యాబ్ ఉద్యోగంలో చేరలేనని మంగళవారం మెయిల్ రాసింది. ఆ తర్వాత ఇంటికి దగ్గర్లో, నడిచి వెళ్లేంత దూరంలో, మందుల డబ్బాలు సర్దే పనిలో చేరింది. ఇప్పటికీ అందులోనే ఉంది.

నేను చేసిన అసలు తప్పు ఆ ర్యాంప్ మీద కాదు. ఎవరింటికి వెళ్లినా, “మా ఆవిడకు మోటర్‌వే అంటే భయమండీ,” అని నవ్వించేవాణ్ణి. తనూ అందరితో పాటు నవ్వేది. నవ్వింది కదా, పర్వాలేదనుకున్నాను.

మొన్న మౌంట్ రాస్కిల్‌లో స్నేహితుడింట్లో భోజనానికి వెళ్లాం. అతని భార్యకు కొత్తగా రెస్ట్రిక్టెడ్ వచ్చింది. మా ఆవిడ ఆ అమ్మాయికి అన్నీ చెబుతోంది: ముందు బండికి రెండు సెకన్ల దూరం, వాన పడితే నాలుగు, దాటాల్సిన పని లేకపోతే ఎడమ లేన్, కలిసేటప్పుడు సందేహించొద్దు.

“ఇన్ని తెలిసి మీరెందుకు వెళ్లరక్కా? అన్నయ్యగారు అంటుంటారే, భయమని.”

మా ఆవిడ పప్పు వడ్డించుకుంటూ నా వంక చూసింది. ఎప్పటి జోకు నాలుక చివర దాకా వచ్చింది.

“భయం నాదమ్మా,” అన్నాను. “తను బాగానే నడిపింది. తగ్గించమని అరిచింది నేను.”

స్నేహితుడు మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. మా ఆవిడ మాత్రం, “అన్నం వేసుకోండి, చల్లారిపోతోంది,” అంది.

కారు దగ్గర తాళం తన చేతికి ఇవ్వబోయాను.

“ఇప్పుడా?” అంది. “ఆ చెప్పేదేదో ఆ సోమవారం చెప్పి ఉంటే మంగళవారం ఆ మెయిల్ రాసేదాన్ని కాదండీ.”

నేనే నడిపాను. ర్యాంప్ ఎక్కుతుంటే ఎప్పటిలాగే తన కుడికాలు కింద మ్యాట్‌ను నొక్కడం మొదలైంది. ఇన్నేళ్లూ అది బ్రేకనే అనుకున్నాను, దాని మీద కూడా ఒక జోకుంది నా దగ్గర. ఈసారి సరిగ్గా చూశాను. కాలు ఒక్కసారిగా పడటం లేదు. మెల్లగా, ర్యాంప్ పొడవునా, స్పీడు అందుకుంటున్నట్టు కొంచెం కొంచెంగా లోపలికి దిగుతోంది. తన చూపు ఒకటి అద్దంలోకి, ఒకటి భుజం మీదుగా. మేం లేన్‌లో కలిశాక, కాలు తేలికై వెనక్కి వచ్చింది.